టీచరమ్మకు ఉత్తరాలు: బీరువా కొనే ముందు

పోయిన నెల ఈ పేజీలో పిల్లల చేతిరాత గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం చేతిరాత గురించి కానే కావు. రాసిన కాగితాలు ఎక్కడ పెట్టాలి, ఎన్నాళ్లు పెట్టాలి, ఎట్లా వదిలించుకోవాలి అనే గోడు. అందుకని ఈసారి పేజీ మొత్తం కాగితాలకే ఇచ్చేశాను.

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. నేను పుట్టుకతో పొందికైన మనిషిని కాదు. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటికి వచ్చినవాళ్లకు నా టేబుల్ ఎట్లా ఉంటుందో తెలుసు. ముప్పై నాలుగేళ్లు బళ్లో పనిచేసి, ఒకటి రెండుసార్లు గట్టిగా దెబ్బ తిని నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

* * *

టీచరమ్మ గారికి నమస్కారం. కొర్లగుంట వైపు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చెబుతాను. 42 మంది పిల్లలు. నా టేబుల్ మీద నోటుబుక్ పెట్టి దిద్దుకునే చోటు కూడా లేదు. బీరువా తలుపు వేస్తే పడదు, తీస్తే కాగితాలు కాళ్ల మీద పడతాయి. ఇంకో బీరువా అడిగితే డబ్బుల్లేవన్నారు. సొంత డబ్బుతో పాతది ఒకటి కొందామంటే మా ఆయన వద్దంటున్నారు. మొన్న మండల విద్యాధికారి (ఎంఈఓ) గారు వచ్చి ఒక రిపోర్టు అడిగితే ఇరవై నిమిషాలు వెతికాను, దొరకలేదు. ఆ టెన్షన్‌కు ఆ పూట అన్నం కూడా సహించలేదు. ఏం చేయమంటారు?
ఒక ఉపాధ్యాయిని, తిరుపతి

మీ ఆయన మాటే నా మాట కూడా. ఆయనకు మాత్రం చెప్పొద్దు, నెత్తికెక్కుతారు. బీరువా కొనకమ్మా.

ఒక లెక్క వేద్దాం. మూడో తరగతికి తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, నాలుగు సబ్జెక్టులు. ఒక్కో పరీక్షకు పిల్లవాడు రెండు కాగితాలు రాస్తాడనుకో. 42 మందికి 336 కాగితాలు. ఏడాదికి ఆరు పరీక్షలంటే 2,016. వారానికొక వర్క్‌షీటు చొప్పున 30 వారాలకు ఇంకో 1,260 కలుపు. మొత్తం 3,276 కాగితాలు. 500 కాగితాల రీము సుమారు 5 సెంటీమీటర్ల మందం ఉంటుంది. అంటే నీ తరగతి ఏడాది మొత్తం రాసిన కాగితాలను సర్ది పేరిస్తే జానెడున్నర ఎత్తు. 80 జీఎస్ఎం ఏ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు కాబట్టి బరువు పదహారు కిలోలు. రాసిన కాగితం కొంచెం ఉబ్బుతుంది, ముడతలు పడుతుంది. ఎంత ఉబ్బినా బీరువాలో ఒక అరకు మించదు.

మరి మిగతా మూడు అరల్లో ఏముంది?

నేను చెప్పనా? నీకు ముందు ఆ తరగతి చెప్పి బదిలీ అయిపోయినామె వదిలి వెళ్లిన కట్టలు. ట్రైనింగుల్లో ఇచ్చిన జిరాక్సు పుస్తకాలు, ఒక్కోటి రెండేసి. ఎప్పుడో ఆగిపోయిన పథకం తాలూకు ఖాళీ ఫారాలు. ఆధార్ జిరాక్సులు మూడేళ్లవి, ప్రతి ఏడూ మళ్లీ అడిగాం కదా. ఒక మూల చిరిగిన చార్టు, దాని మీద పత్రహరితం బొమ్మ. గెస్ చేయడం కాదమ్మా, నా బీరువాలో ఉన్నవి చెబుతున్నాను.

మనం కాగితాన్ని చూడగానే ‘దీన్ని ఎక్కడ పెట్టాలి?’ అంటాం. ‘ఇది ఎప్పుడు పోవాలి?’ అని అడగం. బడికి వచ్చే ప్రతి కాగితానికీ రాకడ ఉంది, పోకడ లేదు. అందుకే ఎన్ని బీరువాలు కొన్నా చాలవు. నీకు కావలసింది చోటు కాదు, తేదీ.

ఈ మాట నా సొంతం కాదు. మా అల్లుడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అక్కడ జపాన్ వాళ్ల పద్ధతి ఒకటి ఉంది, ఐదు ‘ఎస్’లు అంటారు. అందులో మొదటిది ‘సెయిరి’, పనికొచ్చేదీ రానిదీ వేరు చేయడం. రానిదేమో అనిపించిన వస్తువుకు ఎర్ర చీటీ కట్టి తేదీ వేస్తారట. గడువులోగా ఎవరూ ‘ఇది నాకు కావాలి’ అనకపోతే అది బయటికి పోతుంది. మిగతా నాలుగు ‘ఎస్’లు కూడా ఆదివారం భోజనాల దగ్గర చెప్పాడు కానీ నాకు ఆ ఎర్ర చీటీ ఒక్కటే ఎక్కింది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఒక శనివారం సాయంత్రం పిల్లలు వెళ్లాక బీరువాలోవన్నీ నేల మీద పొయ్యి. భయపడకు, ఇంతకన్నా ఘోరంగా ఏమీ కాదు. సబ్జెక్టు వారీగా వేరు చేయడానికి మాత్రం పోకు. ఆ పొరపాటు నేను పదేళ్లు చేశాను. తెలుగు కుప్ప, లెక్కల కుప్ప అని అందంగా పేర్చి, మళ్లీ అన్నీ లోపల పెట్టేదాన్ని. పోయే తేదీని బట్టి వేరు చెయ్యి. ఈ రోజే పోయేవి ఒక కుప్ప. సోమవారం పిల్లల సంచుల్లో ఇళ్లకు పోయేవి ఒకటి. ఏప్రిల్ దాకా ఉండాల్సినవి ఒకటి, వాటిలో పై కాగితం కుడి మూలన ఎర్ర పెన్నుతో ‘ఏప్రిల్’ అని రాయి. ఇక ఎప్పటికీ పోకూడనివి అంటూ కొన్ని తేలతాయి. అవి నీ తరగతివి కావు, ఆఫీసువి. హెడ్మాస్టరు గారి బీరువాలో ఉండాలి. లిస్టు రాసి, సంతకం తీసుకుని అప్పజెప్పు. ఆ సంతకం కాగితాన్ని మాత్రం జాగ్రత్తగా దాచుకో.

అవి ఆఫీసులోనే ఎందుకుండాలో చెబుతాను. ఈ ముక్క నేనెప్పుడూ రాయలేదు.

1991 జూన్. నేనొక హైస్కూల్లో ఎనిమిదో తరగతికి క్లాసు టీచరును. పక్క ఊరి నుంచి ఏడు పాసై వచ్చిన పిల్లల టీసీలు తీసుకుని ఆఫీసులో ఇవ్వమన్నారు. పద్దెనిమిది టీసీలు తీసుకున్నాను. అదే టేబుల్ మీద పోయిన ఏటి జవాబు పత్రాల కట్టలు ఉన్నాయి. పదిహేడే ఆఫీసుకు చేరాయి. ఆ వారమే పాత పేపర్ల అతను సైకిలు మీద వస్తే, టేబుల్ ఖాళీ అవుతుందని సంతోషంగా కట్టలన్నీ తూకం వేయించాను. పది రోజులకు ఆ పోయిన టీసీ తాలూకు అమ్మాయి తండ్రి వచ్చాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో దినకూలి. అది సీజను. రోజు పోతే కూలి పోతుంది. పాత బడికి వెళ్లి డూప్లికేటు టీసీకి అర్జీ పెట్టడానికి ఒక రోజు, తెచ్చుకోవడానికి ఇంకో రోజు. నన్ను ఒక్క మాట అనలేదు. ‘మీరేం చేస్తారులే మేడం, కాగితాలు జాస్తి కదా’ అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ నెలాఖరున బస్టాండులో వేరుశనగ కాయలు కొన్నాను. పొట్లం విప్పి చూస్తే నా ఎర్ర సిరా. నేను వేసిన రైటు గుర్తులు, కింద 32 మార్కులు, నా పొట్టి సంతకం. కాయలు అయిపోయే దాకా ఆ కాగితం వంకే చూస్తూ కూర్చున్నాను.

అప్పటి నుంచి ఒకటే నియమం. మనిషి బతుకుతో ముడిపడిన కాగితం, అంటే టీసీ, కుల ధ్రువీకరణ, జనన ధ్రువీకరణ, బ్యాంకు పుస్తకం, ఇవి పిల్లల రాతల పక్కన ఒక్క నిమిషం కూడా పెట్టను. చేతికి వస్తే పాఠం ఆపి ఆఫీసుకు పంపేస్తాను. వీలైతే ఒరిజినల్ తీసుకోనే తీసుకోను. చూసి, వివరాలు రాసుకుని, అక్కడికక్కడే పిల్లల చేతికి తిరిగి ఇచ్చేస్తాను.

ఎంఈఓ గారి విషయం. ఎవరు వచ్చినా అడిగేవి నాలుగైదే: హాజరు, మార్కుల పట్టిక, పాఠ్య ప్రణాళిక, చదవడంలో వెనకబడిన పిల్లల జాబితా, పుస్తకాలు ఇచ్చినట్టు సంతకాలు. వీటికి ఒకే ఒక ఎర్ర అట్ట ఫైలు పెట్టుకుని గోడ మేకుకు తగిలించు. బీరువాలో కాదు, గోడకు. ఎవరొచ్చినా లేచి తీసి ఇవ్వడమే. నువ్వు సెలవులో ఉన్నా బడిలో పనిచేసే ఆయమ్మ కూడా తీసి ఇవ్వగలగాలి.

ఇంకో ముక్క. కట్టలకు రబ్బరు బ్యాండ్లు వేయకు. మన తిరుపతి ఎండకు రెండు వేసవుల్లో కరిగి బంకలా కాగితానికి అంటుకుపోతాయి. గుండుసూదులు, జెమ్ క్లిప్పులు వానాకాలానికి తుప్పు పట్టి మరక చేస్తాయి. పంచింగ్ చేసి దారపు ట్యాగు వేస్తే పదేళ్లయినా కదలదు.

* * *

అమ్మా, పలమనేరు దగ్గర పల్లెలో ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా ఒకే గదిలో 19 మంది. నేను ఐదో తరగతికి లెక్కలు చెబుతుంటే ఒకటో తరగతి వాళ్లు వర్క్‌షీట్లు లాగి కలిపేస్తారు. సాయంత్రం వాటిని వేరు చేయడానికే గంట పడుతుంది. బస్సు పోతుంది.
ఒక ఉపాధ్యాయుడు

నాయనా, నీ సమస్యకు జవాబు నీకు దగ్గర్లోనే ఉంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి గురించి వినే ఉంటావు. వాళ్లు చుట్టుపక్కల పల్లె బళ్ల కోసం పాఠ్య పుస్తకాన్ని విడగొట్టి కార్డులుగా చేశారు. ఒక్కో కార్డుకూ ఒక బొమ్మ గుర్తు, ఒక నంబరు. గోడ మీద ‘అభ్యసన నిచ్చెన’. పిల్లవాడు నిచ్చెన చూసుకుంటాడు, తన మెట్టు ఏదో తెలుసుకుంటాడు, ఆ గుర్తున్న ట్రేలోంచి కార్డు తనే తెచ్చుకుంటాడు, అయ్యాక తనే పెట్టేస్తాడు. ఐదు తరగతులు ఒకే గదిలో ఉన్నా ఎవరి దారి వాళ్లది. తర్వాత మద్రాసు కార్పొరేషన్ బళ్లు కూడా ఈ పద్ధతి పట్టుకున్నాయి.

దాన్ని చాలామంది పాఠం చెప్పే పద్ధతిగానే మెచ్చుకుంటారు. నేను చూసింది ఇంకొకటి. ఆ గదిలో కాగితం ఎక్కడ పెట్టాలో టీచరుకు ఒక్కడికే తెలిసిన రహస్యం కాదు. చదవడం రాని ఒకటో తరగతి పిల్లకు కూడా తెలుసు, ఎందుకంటే అక్కడ అక్షరం లేదు, బొమ్మ ఉంది. నీ గదిలో ట్రేల మీద ఏం రాసి ఉంటావు? ‘1వ తరగతి తెలుగు’ అని. చదవడం రాని పిల్లకు చదివి పెట్టమని చీటీ అంటించాం మనం!

నువ్వు అన్ని కార్డులు చేయనక్కరలేదు. తరగతికొక జంతువు చాలు. ఐదుకు ఏనుగు పెట్టు, పలమనేరు పిల్లలకు ఏనుగంటే ఎవరూ చెప్పనక్కరలేదు, కౌండిన్య అడవిలోంచి చేలల్లోకి దిగుతూనే ఉంటాయి కదా. ఒకటికి కోడిపిల్ల, రెండుకు మేక, అట్లా పిల్లలనే ఎంచుకోనివ్వు. ప్రతి వర్క్‌షీటు మూలన ఆ బొమ్మ చిన్నగా గీసి జిరాక్సు తీయించు. ట్రేలకు డబ్బు పెట్టొద్దు. మామిడికాయల ప్లాస్టిక్ ట్రేలు సీజను అయ్యాక దామలచెరువు మండీ వైపు విరిగినవి, చెవులు ఊడినవి చవగ్గా ఇస్తారు. పక్కల్లో కంతలుంటాయి కాబట్టి గాలి ఆడుతుంది, కాగితం ముక్కిపోయిన వాసన రాదు. మా ఇంటికి వచ్చే మీ ఉత్తరాలు కూడా అట్లాంటి ట్రేలోనే ఉంటాయి.

ఇంటిబెల్లుకు పది నిమిషాల ముందు ‘జంతువులను ఇంటికి తోలండి’ అను. మొదటి వారం గోల గోలగా ఉంటుంది. ఏనుగులో మేకలు దొరుకుతాయి. నువ్వు లేచి సర్దావంటే మాత్రం అయిపోయింది, ఇక ఎప్పటికీ నువ్వే సర్దాలి. చేతులు కట్టుకుని కూర్చో. బస్సు పోతే పోనీ, ఒక వారమే.

* * *

మేడం, చిత్తూరులో ఒక ప్రైవేటు స్కూల్లో యూకేజీ చెబుతాను. పిల్లలు గీసిన బొమ్మలు పారేయడానికి చేతులు రావడం లేదు. మూడేళ్లవి మా ఇంట్లో మంచం కింద ఉన్నాయి. అత్తగారు రోజూ అంటూనే ఉన్నారు. పారేస్తే పాపం అనిపిస్తుంది.
పేరు వద్దన్నారు

తల్లీ, అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడని చెబుతారు. రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్లో ఒక అరలో భద్రం చేస్తే కూడా మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. ఆయనవే అన్నీ నిలవలేదు. నీ యూకేజీ పిల్లలు గీసిన ఇల్లూ, కొండా, కొండ వెనక సూర్యుడూ నిలవకపోతే మునిగిపోయేదేమీ లేదు.

నిజం చెప్పనా? ఆ బొమ్మలు దాచుకోవాల్సింది నువ్వు కాదు, వాళ్ల అమ్మ. నెలకొకసారి ఒక్కో పిల్లను పిలిచి నేల మీద తన బొమ్మలన్నీ పరిచి ‘ఒకటి తీసుకో, ఇంటికి తీసుకుపో’ అను. ఐదేళ్ల పిల్ల ఏది ఎంచుకుంటుందో చూడు. నువ్వు బాగుందనుకున్నది ఎప్పుడూ తీసుకోదు. నాకొక పిల్లవాడు గుర్తున్నాడు. రంగులన్నీ వేసిన నెమలిని వదిలేసి, నల్ల క్రేయానుతో బరబరా గీకిన కాగితం పట్టుకున్నాడు. ఏందిరా ఇది అంటే ‘కరెంటు పోయింది’ అన్నాడు.

మిగతావాటి వెనక వైపు తెల్లగానే ఉంటుంది. కూడికలకు చిత్తు కాగితం అవుతుంది. మంచం కింద ఉన్న మూడేళ్లవి? ఆ పిల్లలు ఇప్పుడు ఒకటి, రెండు, మూడు తరగతుల్లో మీ బళ్లోనే ఉండరూ? పట్టుకెళ్లి ఇచ్చెయ్యి. రెండు రోజుల పని. అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

* * *

మా అబ్బాయి నాలుగో తరగతి. స్కూలు నుంచి వచ్చే చీటీలు సంచి అడుగున నలిగిపోయి, గడువు దాటాక బయటపడుతున్నాయి. అదే సంగతి వాట్సాప్‌లోనూ వస్తుంది, అందులో గుడ్ మార్నింగుల మధ్య కనపడదు. పొద్దున బడి వ్యాను వచ్చే వేళకు రోజూ గొడవే.
ఒక తల్లి, చంద్రగిరి

మీ ఇంట్లో తిరుమల తిరుపతి దేవస్థానం కేలండర్ ఉండే ఉంటుంది. చంద్రగిరిలో అది లేని ఇల్లుందా? దాని కింద ఒక బట్టలక్లిప్పు తగిలించండి. అబ్బాయి ఇంటికి రాగానే చెప్పులు విప్పిన వెంటనే చేసే పని సంచి బోర్లించడం. పాలు, టిఫిన్ ఆ తర్వాతే. చీటీ క్లిప్పుకు పోవాలి, గడువు తేదీ కేలండర్ గడిలో రాయాలి. రాసేది మీరు కాదు, వాడే. సంతకం రాత్రే పెట్టేయండి. గడువు దాటిన చీటీ ఆ రోజే చింపేయాలి, అది కూడా వాడే. పిల్లలకు చింపడమంటే పండగ.

వాట్సాప్ సంగతి నన్నడగొద్దు, నేనే ఆ గుడ్ మార్నింగులు పంపేదాన్ని.

నెల మారినప్పుడు కేలండర్ కాగితం పారేయకండి. గట్టి కాగితం, నోటుబుక్కుకు అట్ట వేస్తే ఏడాది ఆగుతుంది. దేవుడి బొమ్మ లోపలికి, తెల్లది పైకి వచ్చేట్టు వేయండి.

* * *

గౌరవనీయులైన టీచరమ్మ గారికి. నేను ఈ మధ్యే హెడ్మాస్టరుగా చేరాను. స్టోరు గదిలో డెబ్బై ఏళ్ల నాటి రిజిస్టర్లు నేల మీద అట్టపెట్టెల్లో ఉన్నాయి. కొన్నింటికి చెద పట్టింది. మొన్నటి వానకు కప్పు కారి రెండు తడిశాయి. ఇంకోపక్క సంచులకొద్దీ పిల్లల ఆధార్ జిరాక్సులు, పాత బ్యాంకు వివరాలు. ఏది ఉంచాలి, ఏది పారేయాలి?
ఒక ప్రధానోపాధ్యాయుడు, తిరుపతి జిల్లా

తడిసినవి ముందు. ఈ పత్రిక మీ చేతికి వచ్చే సరికి ఆలస్యమవుతుందని ఉత్తరం చూడగానే మీకు ఫోను చేశాను, మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నాను. తడిసిన కాగితానికి రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. ఎండలో పెట్టకండి, వంకర్లు తిరిగి సిరా వెలిసిపోతుంది. నీడలో, ఫ్యాను కింద, రిజిస్టరును విసనకర్రలా విప్పి నిలబెట్టండి. పది పదిహేను పేజీలకొక తెల్ల కాగితం దూర్చి, తడిసినకొద్దీ మారుస్తూ ఉండాలి. అంటుకున్న పేజీలను బలవంతంగా లాగొద్దు. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు చెరువులైనప్పుడు నాకు తెలిసిన ఒక బడి రిజిస్టర్లను ఇట్లానే ఆరబెట్టాం. ఊరంతా కరెంటు వచ్చీ పోయీ ఉంటే, ఇద్దరు ఆయమ్మలు విసనకర్రలతో కూర్చున్నారు.

చెదకు మూలం ఆ అట్టపెట్టెలే. నేల మీద అట్టపెట్టె అంటే చెదకు వడ్డించిన విస్తరి. ఇనుప బీరువాలోకి మార్చండి, కాళ్ల కింద ఇటుకలు పెట్టండి, గోడకు జానెడు ఎడం ఉంచండి. చెద గోడ పట్టుకుని పాకుతుంది, ఎడం ఉంటే మట్టి దారి మీ కంట పడుతుంది. కలరా ఉండలు వేస్తే వేయండి కానీ తాళం ఉన్న చోటే. అవి పిల్లలకు పిప్పరమెంటు బిళ్లల్లా కనిపిస్తాయి, మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక ఏది ఉంచాలి అంటే, అడ్మిషన్ రిజిస్టరు బడికి ప్రాణం. అది ఎప్పటికీ పోకూడదు. టీసీ పుస్తకాల కౌంటర్ ఫాయిళ్లూ అంతే. ఎందుకో మీకు టీచరు ఉద్యోగాల డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చిన వారంలో తెలుస్తుంది. స్థానికత కోసం నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలని ఎక్కడెక్కడి నుంచో మీ పాత విద్యార్థులు వచ్చి వరండాలో నిలబడతారు. దానికి తోడు 2022 ఏప్రిల్ 4న మన జిల్లాలు విడిపోయాయి. వాళ్లు చదివినప్పుడు చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. వాళ్ల బాల్యానికి సాక్ష్యం మీ స్టోరు గదిలో ఉన్న ఆ ఒక్క పుస్తకమే. మిగతా ఏ రికార్డుకు ఎన్నేళ్ల గడువో మీ డీఈఓ ఆఫీసు నుంచి కాగితం మీద తెప్పించుకుని, బీరువా తలుపు లోపల అంటించండి. నోటి మాట మీద ఏ రిజిస్టరూ పారేయకండి.

ఆధార్ జిరాక్సులు మాత్రం పాత పేపర్ల అంగడికి వేయొద్దు సార్, నా వేరుశనగ పొట్లం గుర్తుందిగా. ఇక ముందు అవసరమైతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. ఉన్న సంచులకు మా అమ్మ పద్ధతి చెబుతాను. కాగితాలను చిన్న ముక్కలుగా చింపి బానలో మూడు రోజులు నానబెట్టాలి, రోజూ నీళ్లు మార్చాలి. గుప్పెడు మెంతులు విడిగా నానబెట్టి, రెండూ కలిపి రోట్లో మెత్తగా రుబ్బాలి. మెంతుల జిగురుకు గుజ్జు బాగా పట్టుకుంటుంది, ఆ చేదుకు పురుగు దగ్గరికి రాదు. పాత వెదురు చాటకు లోపలా బయటా వేలి మందాన పూసి, రెండు రోజులు ఎండబెడితే కంతలన్నీ పూడి బియ్యం చెరుగుకోవడానికి పనికొస్తుంది. మన వైపు అమ్మలక్కలందరికీ తెలిసిన పనే, ఈ తరంవాళ్లు మరిచిపోయారు. పిల్లల చేత చేయించండి, పని విద్య పీరియడ్‌కు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. చింపేటప్పుడు మాత్రం నంబర్లున్న భాగం మీ ఎదురుగా చింపించండి.

అట్లా చేసిన చాట మా వంటింట్లో ఇప్పటికీ ఒకటి ఉంది. సరిగా రుబ్బలేదేమో, అంచు దగ్గర ఒక ముక్క అట్లాగే మిగిలిపోయింది. దాని మీద ‘హాజ’ అని కనిపిస్తుంది, ‘రు’ గుజ్జులో కలిసిపోయింది.